గది నుంచి ఫైలుకు: రౌటర్ అనుకరణ సాఫ్ట్‌వేర్, ఇంటి ప్రయోగశాల - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కంప్యూటర్ నెట్‌వర్కుల విద్యలో ప్రయోగశాల అంటే చాలాకాలం ఒక గది, ఆ గదిలో వరుసగా అమర్చిన రౌటర్లు. 2005లో మొదలైన డైనమిప్స్ అనే సాఫ్ట్‌వేర్ ఆ గదిని ఇంటి కంప్యూటరులోకి తెచ్చింది. ఈ మార్పు ఏ విధంగా జరిగింది, దానివల్ల అభ్యాసకునికి చేరువైనదేమిటి, చేరువకానిదేమిటి అనే విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరికరం కొనవలసిన అవసరం తప్పినా, ఆ పరికరంలో నడిచే సాఫ్ట్‌వేర్ మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న తప్పలేదని, ఇంటి ప్రయోగశాల చరిత్రకు కీలకం ఆ ప్రశ్నలోనే ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రౌటర్, అనుకరణ, డైనమిప్స్, జిఎన్ఎస్3, ఐఓఎస్, సిసిఐఇ, ఇంటి ప్రయోగశాల, సాంకేతికవిద్య.

1. ఉపోద్ఘాతం

1993లో అమెరికాకు చెందిన సిస్కో సంస్థ తన రౌటర్ల మీద పనిచేసే నిపుణులకోసం అత్యున్నతస్థాయి పరీక్ష ఒకటి ప్రవేశపెట్టింది. దాని పేరు సిసిఐఇ. నెగ్గినవారికిచ్చే క్రమసంఖ్యలు ఒకటితో కాక 1024తో మొదలయ్యాయి. రెండును పదిసార్లు గుణిస్తే వచ్చే సంఖ్య అది. కంప్యూటరు మనుషులకు అది వెయ్యికన్నా గుండ్రని అంకె. విశేషమేమంటే ఆ మొదటి సంఖ్యను ఏ మనిషికీ ఇవ్వలేదు. పరీక్ష జరిగే ప్రయోగశాలకే ఇచ్చారు. 1025 ఆ పరీక్షను రూపొందించిన స్టువర్ట్ బిగ్స్‌కు, 1026 దానిని రాసి నెగ్గిన మొదటి వ్యక్తి టెర్రీ స్లాటరీకి దక్కాయి.

గదికి మనిషికన్నా ముందు గుర్తింపు దక్కిన ఈ సంఘటన ఆనాటి నెట్‌వర్కు విద్య స్వభావాన్ని తెలుపుతుంది. రౌటర్ చేసే పని, తపాలాశాఖలో ఉత్తరాలను ఊళ్లవారీగా వేరుచేసి తగిన సంచిలో వేసే సార్టింగ్ ఆఫీసు పనివంటిది. వచ్చిన ప్రతి ప్యాకెట్టు చిరునామా చూసి ఏ దారిన పంపాలో నిర్ణయించడం దాని ధర్మం. ఆ నిర్ణయసూత్రాలు పుస్తకంలో దొరుకుతాయి. ఆదేశాలిచ్చి, తప్పుచేసి, ఆ తప్పు ఎక్కడుందో వెదికి దిద్దుకోవడం మాత్రం పుస్తకంలో దొరకదు. దానికి కనీసం రెండు మూడు రౌటర్లు ఎదుట ఉండాలి. అవి ఎవరి దగ్గర ఉంటే విద్య వారిది.

2. పరికరాల కాలం

2001 అక్టోబరు వరకు సిసిఐఇ ప్రయోగపరీక్ష రెండు రోజులపాటు జరిగేది. ఆ తరువాత ఒక రోజుకు కుదించారు. పరీక్షకు సిద్ధమయ్యేవారు తమ కార్యాలయంలోని పరికరాల మీద, పని లేని వేళల్లో, సాధన చేసేవారు. కార్యాలయంలో నడుస్తున్న నెట్‌వర్కు మీద తప్పు చేసే స్వేచ్ఛ ఉండదు కనుక అభ్యాసానికి విడిగా పరికరాలు కావలసివచ్చేది. 2000-2001 ప్రాంతంలో డాట్‌కామ్ సంస్థలు కుప్పకూలినప్పుడు వాటి రౌటర్లు పాత సామాను విపణిలోకి వచ్చిపడ్డాయి. అమెరికాలో ఇంటి ప్రయోగశాల అనే అలవాటు బలపడటానికి ఈ పతనం ఒక కారణం.

ఆ ప్రయోగశాలల్లో ఎక్కువగా కనిపించినవి సిస్కో 2500 శ్రేణి యంత్రాలు. వాటిలో ఉన్నది 20 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేసే మోటరోలా 68030 ప్రాసెసరు. అప్పటికే అది కాలం చెల్లినదే. ఈ శ్రేణిలోని 2511కు పదహారు అసమకాలిక ద్వారాలుండేవి. తక్కిన రౌటర్లన్నిటి కన్సోళ్లనూ దానికి కలిపి, ఒక్క కీబోర్డు ముందు కూర్చుని అన్నిటినీ అజమాయిషీ చేసేవారు. దూరప్రాంతాల మధ్య నడిచే ఫ్రేమ్ రిలే సేవను ఇంట్లో చూపించడానికి ఒక రౌటరును పూర్తిగా ఆ స్విచ్ పనికే కేటాయించవలసివచ్చేది. రెండు రౌటర్లను సీరియల్ తీగతో కలిపినప్పుడు ఏ కొస డిసిఇ అవుతుందో చూసి, ఆ కొసన గడియారవేగం ఇవ్వాలి. ఇవ్వకపోతే లింకు లేవదు. తీగను చేత్తో పట్టుకుని దానిమీద అచ్చువేసిన అక్షరాలు చదవడం కూడా ఆ విద్యలో భాగమే.

తెలుగునాట పరిస్థితి వేరు. జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం బీటెక్ పాఠ్యప్రణాళికలో కంప్యూటర్ నెట్‌వర్క్స్ ల్యాబ్ చాలాకాలంగా ఉంది. అందులో విద్యార్థి చేసేది బిట్ స్టఫింగ్, సిఆర్‌సి, డైక్‌స్ట్రా హ్రస్వమార్గ పద్ధతి, డిస్టెన్స్ వెక్టర్ పద్ధతి వంటివాటిని ప్రోగ్రాములుగా రాయడం. ఇది చిన్న విషయం కాదు. రౌటరు లోపల జరిగే ఆలోచన అదే. కాని ఆ ఆలోచనను మోసే యంత్రం ఎట్లా మాట్లాడుతుందో, ఏ ఆదేశానికి ఏ జవాబు ఇస్తుందో ఆ ప్రోగ్రాములవల్ల తెలియదు. ఆ రెండవ సగం హైదరాబాదులో అమీర్‌పేట శిక్షణకేంద్రాలకు వెళ్లింది. విశ్వవిద్యాలయం సూత్రాన్నీ, మైత్రీవనం చుట్టుపక్కల వీధులు పరికరాన్నీ పంచుకున్నాయనవచ్చు. సిసిఐఇ ప్రయోగపరీక్ష రాయదలచినవారు బెంగళూరులోని సిస్కో కేంద్రానికి వెళ్లేవారు. సూత్రం ఒకచోట, సాధన ఒకచోట, పరీక్ష మరొకచోట. ఈ మూడింటి మధ్య ఉన్న దూరం వల్లనే ఇంటి ప్రయోగశాల ఇక్కడి అభ్యాసకులకు అంత విలువైనదైంది.

3. 'అనుకరణ' అనే మాట గురించి

పరికరం లేకుండా సాధన చేయడానికి రెండు దారులున్నాయి. ఇంగ్లీషులో ఒకదానిని సిమ్యులేషన్ అనీ, రెండవదానిని ఎమ్యులేషన్ అనీ వ్యవహరిస్తారు. తెలుగులో రెండింటికీ 'అనుకరణ' అనే మాటనే వాడటం పరిపాటి. ఈ ఏకపదం చరిత్రలోని ముఖ్యమైన భేదాన్ని కప్పివేస్తున్నది.

ధ్వన్యనుకరణ కళాకారుడు ఒక నటుని గొంతు వినిపిస్తాడు. నేరెళ్ల వేణుమాధవ్ వేదికనెక్కితే సభలో కళ్లు మూసుకున్నవారికి ఆ నటుడే వచ్చినట్టుండేది. కాని కళాకారుడు సాధన చేసిన మాటలే వినబడతాయి. ఆ నటుడు ఎన్నడూ పలకని వాక్యాన్ని ఎట్లా పలుకుతాడన్నది ఊహ మాత్రమే. మొదటి దారి ఇటువంటిది. సిస్కో తన నెట్‌వర్కింగ్ అకాడమీ విద్యార్థులకోసం తయారుచేసిన ప్యాకెట్ ట్రేసర్ ఈ కోవకు చెందుతుంది. అందులో రౌటరు లేదు, రౌటరు జవాబుల నమూనా ఉంది. రచయితలు అమర్చిన ఆదేశాలకు అది చక్కగా పలుకుతుంది. అమర్చని ఆదేశమిస్తే అటువంటి ఆదేశమే లేదంటుంది. ప్రాథమికవిద్యకు ఇది గొప్ప సాధనమే. పైస్థాయి అభ్యాసకునికి మాత్రం చిక్కు వస్తుంది. తప్పు తనదా, నమూనాదా అన్నది తేలదు.

రెండవ దారి గొంతును కాక కంఠనాళాన్నే మళ్లీ నిర్మించడం. యంత్రంలోని ప్రాసెసరు, జ్ఞాపకశక్తి, ద్వారాలు ఒక్కొక్కటీ ఎట్లా పనిచేస్తాయో సాఫ్ట్‌వేరులో రాసి, అసలు యంత్రంలో నడిచే ప్రోగ్రామునే మార్పు లేకుండా దానిమీద నడిపించడం. ఈ పద్ధతి కొత్తది కాదు. 1964 ఏప్రిల్ 7న ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 యంత్రాలలో పాత 1401 ప్రోగ్రాములను నడిపించే ఏర్పాటు ఉంది. ఎమ్యులేటర్ అనే మాట వ్యాప్తిలోకి వచ్చింది ఆ యంత్రాలతోనే. అక్కడ ఉద్దేశ్యం పాత ఖాతాదారులను పోగొట్టుకోకపోవడం. రౌటర్ల విషయంలో ఈ పద్ధతిని చేపట్టింది వ్యాపారసంస్థ కాదు, ఉద్దేశ్యం కూడా వ్యాపారం కాదు.

ఈ వ్యాసంలో మొదటిదానిని 'నమూనా' అనీ, రెండవదానిని 'అనుకరణ' అనీ వ్యవహరించడం జరుగుతుంది. జిఎన్ఎస్3 అనే పేరులోని 'ఎస్' అక్షరం సిమ్యులేటరుకు సంకేతమైనా అది చేసేది ప్రధానంగా రెండవ పనే. పేరు పెట్టినవారికే ఈ భేదం పట్టింపు లేదని సరిపెట్టుకోవాలి.

4. డైనమిప్స్

2005 ఆగస్టులో క్రిస్టోఫ్ ఫియో అనే ఫ్రెంచి సాంకేతికుడు సిస్కో 7200 రౌటరును సాధారణ కంప్యూటరు మీద అనుకరించే ప్రోగ్రాము రాయడం ప్రారంభించాడు. అదే డైనమిప్స్. కాంపియేన్ సాంకేతిక విశ్వవిద్యాలయం సర్వరు నుంచి అది లోకానికి చేరింది. దీని ప్రయోజనాలుగా ఆయన చెప్పినవి మూడు: నిజమైన సాఫ్ట్‌వేరుతో శిక్షణ పొందడం, ఐఓఎస్‌లోని సౌకర్యాలను పరీక్షించడం, అసలు రౌటర్లలో పెట్టబోయే అమరికలను ముందుగా సరిచూసుకోవడం. ఇది అసలు రౌటరుకు బదులు కాదని, అసలు ప్రయోగశాలకు తోడు మాత్రమేనని కూడా ఆయన స్పష్టం చేశాడు. ఐఓఎస్ అంటే సిస్కో రౌటర్లను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్.

7200నే ఎన్నుకోవడంలో అర్థముంది. ఆ యంత్రంలో ప్యాకెట్ల దారి నిర్ణయించే పనిని మిప్స్ కుటుంబానికి చెందిన ఒక సాధారణ ప్రాసెసరు చేస్తుంది. ప్రాసెసరు ఆదేశాల స్వరూపం బహిరంగమే కనుక వాటిని ఇంటి కంప్యూటరు ప్రాసెసరుకు అర్థమయ్యే ఆదేశాలుగా అప్పటికప్పుడు మార్చవచ్చు. సిస్కో స్విచ్చులలోనైతే ఈ పనిని ఆ సంస్థ ప్రత్యేకంగా చేయించుకున్న చిప్పులు చేస్తాయి. వాటి లోపలి స్వరూపం బయటివారికి తెలియదు. తెలియనిదానిని అనుకరించడం కుదరదు. అందువల్ల డైనమిప్స్ తరువాత 3600, 3700, 2600, 1700 శ్రేణుల రౌటర్లకు విస్తరించింది గాని స్విచ్చుల విషయంలో ఎన్ఎం-16ఇఎస్‌డబ్ల్యూ అనే ఒక పలక దగ్గరే ఆగిపోయింది. ఇంటి ప్రయోగశాలలో తయారైన తరానికి రౌటింగ్ వచ్చినంతగా స్విచింగ్ రాలేదన్న మాటకు మూలం ఇక్కడ వెదకాలి.

ఇంట్లో దీనిని మొదటిసారి నడిపినవారికి ఎదురైన వింత అనుభవం ఒకటుంది. ఒకే ఒక రౌటరును ప్రారంభిస్తారు. దానికి ఏ పనీ అప్పగించరు. అయినా కంప్యూటరు ప్రాసెసరు వందశాతం నిమగ్నమై, ఫ్యాను హోరెత్తుతుంది. రౌటరు ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఐఓఎస్ నిద్రపోదు. పని వచ్చిందా, పని వచ్చిందా అని ఒక చిన్న వలయంలో తిరుగుతూనే ఉంటుంది. అసలు రౌటరులో ఆ ప్రాసెసరుకు మరో పని లేదు కనుక ఎంత తిరిగినా నష్టం లేదు. అనుకరించే కంప్యూటరుకు ఆ తిరుగుడంతా నిజమైన శ్రమ. అది ఖాళీ తిరుగుడని డైనమిప్స్‌కు తెలియదు. ఎందుకంటే అది ఐఓఎస్ చెప్పినదల్లా చేస్తుందే తప్ప దాని అంతరార్థం ఎరగదు.

దీనికి ఫియో కనిపెట్టిన ఉపాయం ఐడిల్-పిసి విలువ. ఐఓఎస్ ఏ చిరునామాల దగ్గర ఎక్కువగా తచ్చాడుతున్నదో కొంతసేపు లెక్కగట్టి, వలయం ఉన్నదనిపించే చిరునామాల పట్టిక ఇస్తుంది. ఆశాజనకమైనవాటి పక్కన నక్షత్రపు గుర్తు ఉంటుంది. అభ్యాసకుడు వాటిలో ఒకటి ఎంచుకుంటాడు. ఇకమీద ఐఓఎస్ ఆ చిరునామాకు చేరినప్పుడల్లా డైనమిప్స్ కొద్దిసేపు నిద్రిస్తుంది, ఫ్యాను శాంతిస్తుంది. ఎంపిక తప్పైతే మరొకటి ప్రయత్నించాలి. ఒక ఐఓఎస్ ప్రతికి కుదిరిన విలువ ఏ కంప్యూటరులోనైనా అదే ప్రతికి కుదురుతుంది కనుక ఈ విలువలు ఇల్లాలి చేతి కొలతల్లా ఒకరి నుంచి ఒకరికి చేరాయి. రౌటరు కొన్నవానికి ఎన్నడూ తెలియవలసిన అవసరం రాని విషయమిది. దానిని కొనలేనివాడు మాత్రం మొదటిరోజే దాని అంతరంగం తెలుసుకోవలసి వచ్చింది.

జ్ఞాపకశక్తి రెండవ అడ్డంకి. ఒక్కొక్క 7200కు 256 మెగాబైట్లు కేటాయిస్తే ఆరు రౌటర్లకు 1536 మెగాబైట్లవుతాయి. ఆనాటి ఇంటి కంప్యూటర్లలో అంత చోటుండటం అరుదు. అన్ని రౌటర్లూ ఒకే ఐఓఎస్ ప్రతిని నడుపుతున్నప్పుడు దానిని ఆరుసార్లు దాచడమెందుకని, ఒక్క ప్రతిని అందరూ పంచుకునే ఏర్పాటు చేశారు. దానికి 'ఘోస్ట్ ఐఓఎస్' అని పేరు.

వేగం విషయంలో మాత్రం ఏ ఉపాయమూ ఫలించలేదు. 7200లో వాడిన ప్రాసెసరు పలకలన్నిటిలోకి పాతదైన ఎన్‌పిఇ-100 సెకనుకు దాదాపు లక్ష ప్యాకెట్లను పంపగలదు. డైనమిప్స్ పంపగలిగినది దాదాపు వెయ్యి. నూటికి ఒక వంతు. ఎవరైనా దీనిని నిజమైన రౌటరుకు బదులుగా వాడి సిస్కో వ్యాపారానికి గండికొడతారన్న భయానికి ఈ ఒక్క అంకె చాలు సమాధానం. వ్యాపారానికి పనికిరానంత నెమ్మది, అభ్యాసానికి సరిపోయేంత వేగం.

5. గీసిన బొమ్మ నడవడం

డైనమిప్స్‌ను మొదట్లో పొడవైన ఆదేశపంక్తులతో నడపవలసివచ్చేది. గ్రెగ్ అనుజెల్లి పైథాన్ భాషలో రాసిన డైనజెన్ దానికి ముందుభాగమైంది. ఏ రౌటరుకు ఏ ద్వారం కలపాలో ఒక సాదా పాఠ్యఫైలులో రాస్తే చాలు, అది డైనమిప్స్‌తో మాట్లాడి నెట్‌వర్కును నిలబెడుతుంది. ఆ మాటలు జరిగే ద్వారం సంఖ్య కూడా అలవాటుగా 7200. రౌటరు పేరునే తలుపు మీద రాసుకున్నారు. ఫ్రేమ్ రిలే స్విచ్ కోసం ఇక ఒక రౌటరును బలిపెట్టనవసరం లేదు, ఆ ఫైలులో నాలుగు పంక్తులు చాలు. ప్రయోగశాల ఇప్పుడు మెయిల్లో పంపగలిగిన వస్తువైంది.

జెరెమీ గ్రాస్‌మన్ విశ్వవిద్యాలయ ప్రాజెక్టుగా ప్రారంభించిన జిఎన్ఎస్3 2008లో వెలువడింది. అది ఈ రెండింటిమీద ఒక చిత్రఫలకాన్ని నిలిపింది. రౌటరు బొమ్మను లాగి వదిలి, రెండు బొమ్మల మధ్య గీత గీస్తే లింకు. పాఠ్యపుస్తకంలోని రేఖాచిత్రం ఉన్నదున్నట్టు నడవసాగింది. నెట్‌వర్కు బోధనలో నల్లబల్లకూ పరికరానికీ మధ్య ఉన్న ఎడం ఇక్కడ తొలగిందనుకోవచ్చు. 2013లో దాని తదుపరి రూపంకోసం ప్రజల నుంచి చందాలు కోరితే 5 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరుకు వాడుకరులు తమంతట తాము ఇచ్చిన సొమ్ము అది.

అయితే బొమ్మ మీది గీత తీగ కాదు. ఓఎస్‌పిఎఫ్ నడుస్తున్న రెండు రౌటర్ల మధ్య ఈథర్‌నెట్ గీతను చెరిపివేస్తే, డైనమిప్స్‌లో రెండు ద్వారాలూ ఇంకా లేచే ఉన్నట్టు చూపిస్తాయి. ఎదుటివాని పలకరింపు ఆగిపోయి నలభై సెకన్లు గడిచిన తరువాతగాని పొరుగువాడు పోయాడని రౌటరు గ్రహించదు. గదిలోని రెండు రౌటర్ల మధ్య నేరుగా ఉన్న తీగను లాగితే దీపం వెంటనే ఆరుతుంది, రౌటరు వెంటనే కొత్త దారి వెదుకుతుంది. మధ్యలో స్విచ్ ఉన్న నిజమైన నెట్‌వర్కులో ఈ నలభై సెకన్ల నిరీక్షణ నిజమే. కనుక అనుకరణ అబద్ధం చెప్పిందనలేము. ఒక పరిస్థితిలోని నిజాన్ని అన్ని పరిస్థితులకూ చెప్పింది. సీరియల్ లింకుకు గడియారవేగం ఇవ్వకపోయినా డైనమిప్స్‌లో అది లేస్తుంది. ఇంట్లో నేర్చుకున్నవాడు ఉద్యోగంలో మొదటిసారి తీగ పట్టుకున్నప్పుడు ఈ రెండు విషయాలూ కొత్తగా తెలుసుకోవలసిందే.

6. ఫైలు ఎవరిది?

డైనమిప్స్ జిపిఎల్ అనుమతితో వచ్చింది. జిఎన్ఎస్3 కూడా అంతే. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు. కాని ఈ రెండూ ఖాళీ యంత్రాలు. వాటిలో ప్రాణంపోసే ఐఓఎస్ సిస్కోది. దానిని వాడుకునే అనుమతి అమ్మిన పరికరంతో ముడిపడి ఉంటుంది. జిఎన్ఎస్3 నిర్మాతలు ఐఓఎస్ ప్రతిని ఎన్నడూ ఇవ్వలేదు. వాడుకరి తనదాన్ని తానే తెచ్చుకోవాలన్నారు. 'తనది' అనే మాట దగ్గరే చిక్కంతా ఉంది. రౌటరు ఉన్నవానికే ఐఓఎస్ న్యాయంగా ఉంటుంది. రౌటరు ఉన్నవానికి అనుకరణ అంతగా అవసరం లేదు. అవసరమున్నవానికి ప్రతి లేదు.

ఈ విడ్డూరం నుంచి బయటపడే దారి అభ్యాసకులు ఎవరికివారే చూసుకున్నారు. చేతులు మారిన ఐఓఎస్ ఫైళ్లతో ఒక తరం తయారైంది. దీనిని దొంగతనమని ఒక్కమాటలో కొట్టివేయడం సులభం. ఆ తరం నేర్చుకున్నది మాత్రం సిస్కో రౌటర్లను నడపడమే. ఉద్యోగాల్లో చేరి కొనిపించినదీ, కాపాడినదీ ఆ రౌటర్లనే. ఈ లాభం సంస్థకు తెలియనిది కాదు. అయినా న్యాయమైన దారి చూపడానికి చాలా ఏళ్లు పట్టింది. విద్యార్థిని అనుమతి లేని ప్రతితో విద్యారంభం చేయవలసిన స్థితిలో ఉంచడం, ఆ స్థితిని చూసీ చూడనట్టుండటం, ఈ రెండింటికీ బాధ్యత ఒక్క విద్యార్థిదే కాదు.

మరొక సంగతి ఈ చర్చకు పదును పెడుతుంది. ఐఓఎస్‌ను సాధారణ కంప్యూటరు మీద నేరుగా నడిపే ఐఓయు అనే రూపం సిస్కో లోపల తన ఉద్యోగులకోసం ముందునుంచే ఉంది. అందులో ప్రాసెసరును అనుకరించవలసిన పని లేదు కనుక అది డైనమిప్స్‌కన్నా చాలా తేలిక. 2009లో సిసిఐఇ పరీక్షలో కొత్తగా చేర్చిన దోషనివారణ భాగాన్ని ఇటువంటి సాఫ్ట్‌వేర్ రౌటర్ల మీదనే నిర్వహించారు. అంటే పరీక్షాధికారి సాఫ్ట్‌వేర్ రౌటరుతో పరీక్షిస్తున్న కాలంలోనే, అభ్యర్థి దానితో సాధన చేయడానికి అనుమతి లేదు. తరువాతి కాలంలో ఐఓయు బయటికి పొక్కింది. దానిని నడిపే సాధనాల పరంపర నుంచే ఈనాటి ఈవ్-ఎన్‌జి పుట్టింది.

2014 జూన్‌లో సిసిఐఇ రౌటింగ్ అండ్ స్విచింగ్ ప్రయోగపరీక్ష మొత్తం సాఫ్ట్‌వేర్ పరికరాల మీదికి మారింది. అదే మార్పులో ఫ్రేమ్ రిలే పాఠ్యాంశాల నుంచి తప్పుకుంది. ఆ ఏడాది చివర సిస్కో విఐఆర్ఎల్ పేరుతో, సంవత్సర చందా మీద, వ్యక్తులు ఇంట్లో వాడుకోదగిన అనుకరణ ప్రయోగశాలను ఐఓఎస్ ప్రతులతో సహా అమ్మకానికి పెట్టింది. దాని స్థానంలో 2020లో వచ్చిన మోడలింగ్ ల్యాబ్స్ వ్యక్తిగత ప్రతి వెల ఏడాదికి 199 డాలర్లు, పరిమితి 20 పరికరాలు. ఇటీవల ఐదు పరికరాల వరకు ఉచితంగా కూడా ఇస్తున్నది. డైనమిప్స్ తొలిరోజుల్లో ఆరు రౌటర్లకోసం జ్ఞాపకశక్తిని గీచిగీచి వాడుకున్నవారికి ఈ ఐదు అనే అంకె చిన్నదిగా తోచవచ్చు. మూడు రౌటర్లతో ఒక త్రికోణం, దానికి రెండు కొసలు. ఓఎస్‌పిఎఫ్ నేర్చుకోవడానికి అది సరిపోతుంది. రెండు స్వతంత్ర నెట్‌వర్కుల మధ్య బిజిపి పెట్టి, ఒక్కొక్కదాని లోపల రెండేసి దారులు చూపదలిస్తే సరిపోదు. అక్కడికి వచ్చిన అభ్యాసకుడు చందా కట్టాలి, లేదా పాత 7200 ప్రతికోసం మళ్లీ వెదుక్కోవాలి.